బీట్ నీదే, మరి పాటకి పూచీ ఎవరిది?

నువ్వు అడిగింది ముందు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, చదివే మిగతావాళ్లకీ తెలియాలి కదా. ఊరు గుంటూరు, ఉద్యోగం చెన్నైలో, ఐటీ ఆఫీసులుండే ఓఎమ్మార్ రోడ్డు మీద. రెండేళ్లుగా లాప్‌టాప్‌లో ఎఫ్ఎల్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌తో బీట్లు, అంటే గొంతు లేని సంగీతం ట్రాకులు, చేస్తున్నావు, ఆన్‌లైన్‌లో కొన్ని అమ్మావు కూడా. ఈ మధ్య ఒక తెలుగు సింగర్ తను కట్టుకున్న పాట ఫోన్‌లో పాడి పంపి, "దీన్ని ప్రొడ్యూస్ చేసిపెట్టు" అంది. నువ్వు నాలుగు రాత్రులు కూర్చుని బీట్ చేసి పంపావు. "బీట్ బాగుంది, మరి ప్రొడక్షన్ ఎప్పుడు మొదలుపెడదాం?" అని ఆవిడ అడిగేసరికి నీకు ఒళ్లు మండింది. "అన్నా, నేను చేసింది ప్రొడక్షన్ కాదా? ఇంకేం మిగిలింది?" అని నీ ప్రశ్న. అన్నా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ఆవిడ అడిగిన దాంట్లో తప్పు లేదు. బీట్ అనేది ఒక వస్తువు. చేసి ఫైలు పంపేస్తే నీ పని అయిపోయినట్టే, దాని మీద ఎవరు ఎలా పాడుకున్నా నిన్ను అడిగేవాడు లేడు. ప్రొడక్షన్ అలా కాదు, అది పూచీ పడటం. పాట బయటికి వెళ్లే రోజు దాకా అందులో ప్రతిదానికీ, ఆవిడ గొంతుకి కూడా, జవాబు చెప్పుకోవాల్సింది నువ్వే.

నేను 1997లో తెనాలి నుంచి చెన్నై వచ్చి సాలిగ్రామంలో ఒక రికార్డింగ్ థియేటర్‌లో అసిస్టెంట్‌గా చేరాను. మొదటి ఏడాదంతా కేబుళ్లు చుట్టడం, మైకులు నిలబెట్టడం, వయొలిన్ల వాళ్లకి నొటేషన్ కాగితాలు పంచడం. తర్వాత కీబోర్డ్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను, అంటే ఇవాళ నువ్వు చేస్తున్న పనే. ఇప్పుడు వలసరవాక్కంలో ఒక చిన్న గది నడుపుకుంటున్నాను. కాబట్టి బీట్ చేసేవాళ్లని చిన్నచూపు చూసే మనిషిని కాను, నేనూ ఆ గుంపులోంచి వచ్చినవాణ్నే.

అసలు గొడవంతా మాటతో వచ్చింది. మన తెలుగువాళ్లకి ప్రొడ్యూసర్ అంటే నిర్మాత, డబ్బు పెట్టేవాడు. నేను ఇల్లు అద్దెకి వెతుకుతూ ఒక ఓనర్ గారితో మ్యూజిక్ ప్రొడ్యూసర్‌ని అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎన్ని సినిమాలు తీశారు?" అని అడిగి, అడ్వాన్సు పది నెలలది కట్టమన్నారు. అప్పట్నుంచి ఇళ్ల దగ్గర "సౌండ్ ఇంజనీర్" అని చెబుతున్నాను.

చెన్నైలో సినిమావాళ్ల పేటలైన కోడంబాక్కం, వడపళని వైపు పాత పద్ధతిలో ఈ పనులకి విడివిడిగా పేర్లుండేవి. ట్యూన్ కట్టేది మ్యూజిక్ డైరెక్టర్. ఆర్కెస్ట్రా రాసేది అరేంజర్. లూపులూ, సింథ్‌లూ, రిథమ్ వేసేది ప్రోగ్రామర్. గొంతూ వాయిద్యాలూ పట్టేది ఇంజనీర్. ఇళయరాజా లాంటివారు ట్యూన్‌తో పాటు ఏ వాయిద్యం ఎక్కడ ఏం వాయించాలో మొత్తం నొటేషన్ రాసి చేతికిస్తే, వాయిద్యకారులు కలిసి కూర్చుని వాయించేవారు. రెహ్మాన్ కోడంబాక్కంలో ఇంటి పెరట్లోనే పెట్టుకున్న స్టూడియోలో 1990ల మొదట్లో సినిమా పాటలు చేయడం మొదలుపెట్టాక వరస మారింది. పొర మీద పొర వేసి, విని, తీసేసి, మళ్లీ వేసే పద్ధతి మనకి అలవాటైంది. కానీ ఏ పద్ధతిలోనైనా "ఈ టేక్ ఓకే, ఇది వద్దు, ఆ ఫ్లూట్ తీసేయ్" అనే చివరి మాట ఒకరిదే. అది మ్యూజిక్ డైరెక్టర్‌ది. సినిమా పాటకి మ్యూజిక్ డైరెక్టరే అసలైన మ్యూజిక్ ప్రొడ్యూసర్ అన్నమాట, ఆ పేరుతో ఎవరూ పిలవలేదంతే. ప్రోగ్రామర్ ఎంత గొప్ప రిథమ్ వేసినా ఆ చివరి మాట అతనిది కాదు.

మరి బీట్ చేసేవాణ్ని ప్రొడ్యూసర్ అనడం ఎక్కణ్నుంచి వచ్చిందంటావా? అమెరికా హిప్‌హాప్ నుంచి. అక్కడ 1980లో వచ్చిన రోలాండ్ 808 డ్రమ్ మెషీన్, 1988లో వచ్చిన, శబ్దాల ముక్కలు పట్టి మళ్లీ వాయించే అకాయ్ ఎంపీసీ 60 లాంటి పెట్టెలతో ఒక్క మనిషి గదిలో కూర్చుని సంగీతం మొత్తం కట్టేయగలిగాడు. అయితే బీట్ కట్టిన ఆ మనిషే ర్యాపర్ పక్కన నిలబడి "ఆ లైన్ మళ్లీ చెప్పు, ఊపిరి తీసుకో, ఇక్కడ ఆపు" అని పాట పూర్తయ్యేదాకా ఉండేవాడు. రెండు పనులూ ఒకడే చేశాడు కాబట్టి పేరూ ఒకటే అయింది. ఇంటర్నెట్ వచ్చాక బీట్ ఒక ఊళ్లో, గొంతు ఇంకో ఊళ్లో అయిపోయాయి. రెండో పని జారిపోయింది, పేరు మాత్రం మిగిలింది.

రెండో వైపు కూడా చూడు. 1982లో వచ్చిన మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్ క్విన్సీ జోన్స్. టైటిల్ పాట రాసింది రాడ్ టెంపర్టన్, రికార్డింగ్, మిక్సింగ్ చూసింది బ్రూస్ స్వీడియన్. ఒక పాటలో గిటార్ సోలో కోసం రాక్ సంగీతంలో పేరున్న ఎడ్డీ వాన్ హేలెన్‌ని పిలిపించింది క్విన్సీ. ఏ పాటలు ఉండాలి, ఎవరు వాయించాలి, ఎప్పుడు ఆపాలి అనేవి ఆయన చూసుకున్నవి. పాటలు ఎక్కువ భాగం ఆయన కాక వేరేవాళ్లు రాసినవే, అయినా ఆ రికార్డు ఆయన పేరు చెబుతుంది.

మన కాపీరైట్ చట్టంలో కూడా ఈ మాటకి అర్థం రాసుంది. సౌండ్ రికార్డింగ్ తయారు చేయడానికి చొరవ, బాధ్యత తీసుకున్న వ్యక్తే ప్రొడ్యూసర్ అంటుంది 1957 చట్టం. సాఫ్ట్‌వేర్ ఊసు లేదు, బీట్ ఊసు లేదు. మామూలుగా ఇది డబ్బు పెట్టిన లేబుల్‌కి, అంటే పాట విడుదల చేసే కంపెనీకి, వర్తిస్తుంది. నీ విషయంలో ఆవిడే ఖర్చు పెట్టుకుంటోంది కాబట్టి చట్టం లెక్కలో ప్రొడ్యూసర్ ఆవిడే కావచ్చు. దీని సంగతి కింద చెబుతాను, డబ్బు దగ్గర.

ఇప్పుడు అసలు పని. నువ్వు పంపిన బీట్ నేను విన్నాను. కిక్ డ్రమ్, 808 బేస్ బాగా కుదిరాయి, ఆ వీణ శాంపిల్ (రికార్డింగ్ ముక్క) తిరగేసి వాడటం కూడా బాగుంది. కానీ అది ఎవరికోసం చేసిన బీటో వింటే తెలియడం లేదు. శ్రుతి అంటే పాట నిలబడే ఆధార స్వరం, దాన్ని మనం అంకెల్లో చెప్పుకుంటాం. ఆవిడ పాడి పంపిన ముక్క ఐదు శ్రుతిలో ఉంది, నీ బీట్ మూడులో ఉంది. ఎందుకలా అంటే ఆ వీణ శాంపిల్ మూడులో దొరికింది కాబట్టి. సరిగ్గా ఇక్కడే రెండు పనులూ విడిపోతాయి. బీట్ చేసేవాడు శాంపిల్‌ని బట్టి శ్రుతి పెట్టుకుంటాడు. ప్రొడ్యూసర్ ముందు మనిషిని పాడించి, పల్లవిలో కింది స్వరం గాలిలా పోకుండా, చరణంలో పై స్వరం గొంతు చించుకోకుండా ఎక్కడ కుదురుతుందో చూసి శ్రుతి పెడతాడు. అర శ్రుతి తేడాతో పాట తీరే మారిపోతుంది. ఐదున్నరలో మెరిసే గొంతు ఆరులో కీచుమనొచ్చు. ముందు ఆవిణ్ని కూర్చోబెట్టి, శ్రుతి పెట్టె ఆన్ చేసి, నాలుగున్నర నుంచి ఆరు దాకా ఒక్కో మెట్టులో పాట మొత్తం పాడించు. అరగంట పని.

తర్వాత లెక్క. నీ బీట్ ఎనిమిది బార్లకోసారి తిరుగుతుంది, బారు అంటే తాళం ఒక చుట్టు. ఆవిడ పల్లవి ఏడు బార్లకే అయిపోతోంది, పైగా ఎత్తుగడ, అంటే పాట మొదలయ్యే చోటు, అర లెక్క తర్వాత ఉంది. ఇప్పుడేమవుతుందంటే ఆవిడ నీ లూప్ తిరిగేదాకా ఒక బారు నోరు మూసుకుని నిలబడాలి. పాట బీట్ కోసం ఎదురుచూస్తుందన్నమాట. లూప్ కత్తిరించి ఏడుకి కుదించు, లేదా ఆ ఎనిమిదో బారులో వినదగ్గదేదైనా జరిగేలా చూడు. ఇంకో మాట. చరణంలో ఆవిడ నడక తిశ్రంలోకి (మూడేసి లెక్కలోకి) వెళ్తోంది, మన జానపదాల్లో ఉండే ఊపు. నీ హైహ్యాట్లు (డ్రమ్స్‌లో తాళపు చిప్పలు) మాత్రం చతురశ్రంలో, నాలుగేసి లెక్కలో, టకటకమని కొట్టుకుపోతున్నాయి. అవి ఎంత ముద్దొచ్చినా చరణంలో తీసేయాల్సిందే.

తీసేయడం గురించి కాస్త చెప్పాలి. బీట్ అమ్మాలంటే వినగానే నిండుగా ఉండాలి, ఎందుకంటే కొనేవాడు ముప్ఫై సెకన్లలో తేల్చుకుంటాడు. అందుకని బీట్‌లో గొంతు ఉండాల్సిన చోట కూడా ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. నీ దాంట్లో ఆ వీణ, ఆ బెల్ శబ్దం, ఆ ప్యాడ్ మూడూ గొంతు పలికే చోటే కూర్చున్నాయి. హల్లుల స్పష్టత ఎక్కువగా ఒకటి నుంచి నాలుగు కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. అక్కడ రద్దీ పెడితే సాహిత్యం వినపడదు. తర్వాత ఈక్వలైజర్‌తో చెక్కుకుందాంలే అనుకోకు. పాడుతున్నప్పుడు వీణ ఆగాలి, ఆవిడ ఆగినప్పుడు వీణ పలకాలి. కచేరీలో వయొలిన్ ఆయన చేసేది అదే కదా. డిసెంబరు, జనవరిల్లో వచ్చే మార్గళి కచేరీల సీజన్‌లో మైలాపూర్‌లో ఏ సంగీత సభకైనా వెళ్లి రెండు గంటలు ఆ ఒక్కటే గమనించు, ఏ వీడియో కోర్సూ అక్కర్లేదు.

గొంతు రికార్డ్ చేసే రోజు మీద నేను ఎంత రాసినా తక్కువే. బీట్ చేసేవాడికి అసలు తెలియని రోజు అది. ఆవిడ గదిలో, నువ్వు బయట. మైకు నుంచి జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్, లేకపోతే ప, బ, భ అన్నప్పుడల్లా డబ్బా కొట్టినట్టు వస్తుంది. కండెన్సర్ మైకైతే ఇంటర్‌ఫేస్‌లో (మైకుని లాప్‌టాప్‌కి కలిపే పెట్టెలో) దానికి కరెంటిచ్చే 48 వోల్టుల బటన్ నొక్కడం మర్చిపోకు. నవ్వకు, నేను ఇరవై నిమిషాలు మైకు చెడిపోయిందని వెతికిన రోజుంది. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో బఫర్ 128 శాంపిల్స్ దగ్గర పెట్టు, పెద్దది పెడితే హెడ్‌ఫోన్‌లో ఆవిడ గొంతు ఆవిడకే ఆలస్యంగా వినపడి తాళం జారిపోతుంది. హెడ్‌ఫోన్‌లో ఆవిడ గొంతు మరీ తక్కువగా ఉంటే అరుస్తుంది, మరీ ఎక్కువైతే భయపడినట్టు చిన్నగా పాడుతుంది. ఎంత ఉండాలో నువ్వు నిర్ణయించకు, అడుగు. కొంచెం రివర్బ్ (హాల్లో పాడినట్టుండే ప్రతిధ్వని) కలిపి వినిపిస్తే చాలామంది హాయిగా పాడతారు.

ఏసీ, ఫ్యాన్ రెండూ ఆపేయాలి. మే నెల చెన్నైలో అంటే అర్థం చేసుకో. నేను ప్రతి రెండు టేకులకీ తలుపు తీసి, ఐదు నిమిషాలు ఏసీ వేసి, మజ్జిగ ఇచ్చి, మళ్లీ మూస్తాను. గదికి ఫోమ్ కొనే డబ్బులు లేకపోతే బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి దాని ముందు పాడించు, గోడలకి రజాయిలు కట్టు.

మన భాష వినే చెవి కూడా ప్రొడ్యూసర్‌దే. ట్యూన్ మోజులో హ్రస్వం మీద స్వరం సాగితే "కల" కాస్తా "కాల" అవుతుంది, "తల" "తాల" అవుతుంది. ఊపిరి తీసుకునే చోటు కూడా అర్థాన్ని తిప్పేస్తుంది. ఆవిడ పాటలో "రా నీవు" అని ఉంది, రమ్మని పిలవడం. ఫోన్‌లో పాడిన ముక్కలో రెండూ కలిపేసి "రానీవు" అంది, అంటే రానివ్వవు అని. పిలుపు కాస్తా ఫిర్యాదు అయింది! ఇక్కడ పుట్టి పెరిగి తమిళ మీడియంలో చదివిన మన పిల్లలకి ఒత్తులు కొన్ని జారతాయి, "భావం" "బావం" అవుతుంది. పాట ఆపి, టాక్‌బ్యాక్‌లో (బయటి నుంచి సింగర్ హెడ్‌ఫోన్‌లోకి మాట్లాడే మైకులో) నెమ్మదిగా చెప్పాలి. అందరి ముందూ చెబితే గొంతు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత పది టేకులు వృథా. ఎప్పుడు చెప్పాలి, ఎప్పుడు తప్పున్నా చెప్పకుండా "చాలా బాగుంది, సరదాగా ఇంకొకటి" అనాలి అనేది ఏ ప్లగిన్‌లోనూ రాదు. నా మొదటి రోజుల్లో ఒక పెద్ద గాయకుడితో "శ్రుతి కొంచెం తగ్గింది సార్" అన్నాను, నిజంగానే తగ్గింది. ఆయన హెడ్‌ఫోన్ తీసి స్టాండుకి తగిలించి టీకి వెళ్లిపోయారు. నలభై నిమిషాలు. అప్పుడు మా ఇంజనీర్ గారు నాకు నేర్పింది ఒకటే: "హెడ్‌ఫోన్‌లో తంబుర కొంచెం పెంచుదామా సార్ అని అడగాలి నాయనా."

మంచి టేకులు నాలుగైదు ఉంచుకుని, పదం పదం ఏరి ఒకటిగా కట్టు. శ్రుతి సరిచేసే పిచ్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్ వాడితే వాడు, కానీ గమకాల మీద పెట్టకు, స్వరం నుంచి స్వరానికి జారే మెలికని అది మెట్లుగా కోసేస్తుంది.

నా పెద్ద తప్పొకటి చెబుతాను. నా గది పెట్టిన కొత్తలో ఒక పెళ్లి పాట ఒప్పుకున్నాను. రిథమ్, బేస్, స్ట్రింగ్స్ అంతా మూడు శ్రుతిలో చేసి, గొంతు కూడా పట్టేసి, చివర్లో నాదస్వరం పెడదామని ఒక విద్వాంసుణ్ని పిలిచాను. ఆయన వాయిద్యం తీసి ఊదితే రెండున్నర. దాని శ్రుతి చెక్కలోనే ఉంటుంది, కీబోర్డులా బటన్ నొక్కితే మారదు. ఆ పూట నేను గొంతుతో సహా మొత్తం పాటని అర శ్రుతి దించాను, గొంతుకి జలుబు చేసినట్టయింది. సింగర్‌ని మళ్లీ పిలిచి, మళ్లీ డబ్బులిచ్చి పాడించాను. నాకు ఆ పాటలో మిగిలింది ఏమీ లేదు, చేతి నుంచి పడింది. మొదటి రోజే ఒక ఫోన్ చేసి "అయ్యా, మీ నాదస్వరం ఎంత శ్రుతి?" అని అడిగుంటే సరిపోయేది. బీట్ పరంగా ఆ పాటలో ఏ లోపమూ లేదు. ప్రొడ్యూసర్‌గా మాత్రం నేను ఆ రోజు నిద్రపోయాను.

మిక్సింగ్ గురించి ఎక్కువ చెప్పను, అది ఇంకొకరి చేత చేయించినా పరవాలేదు. ఒక్కటి మాత్రం. నువ్వు పంపింది ఒకే స్టీరియో ఫైలు, మొత్తం పాట మీద లిమిటర్ పెట్టి, హెచ్చుతగ్గులు లేకుండా శబ్దం పెంచి గట్టిగా నొక్కేసింది. దాని మీద గొంతు పెడితే నీళ్ల మీద నూనెలా తేలుతుంది. లిమిటర్ తీసేసి, ప్రతి ట్రాక్‌నీ పాట మొదటి సెకను నుంచి మొదలయ్యేలా విడివిడి ఫైళ్లుగా (వీటినే స్టెమ్స్ అంటారు) తీయి, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ నాణ్యతలో. ఎంత గట్టిగా నొక్కినా లాభం లేదు, స్పాటిఫై మామూలుగా పాటల్ని అన్నిటినీ ఒకే గట్టిదనానికి, -14 లఫ్స్ (శబ్దం ఎంత గట్టిగా వినపడుతుందో కొలిచే లెక్క) దగ్గరికి, సర్దేస్తుంది. 808 బేస్ మీద కాస్త సాచురేషన్ వేయి, అది పై స్వరాలు కలిపి శబ్దాన్ని కొంచెం గరుకు చేస్తుంది. దాని అసలు స్వరం 50 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటే ఫోన్ స్పీకర్‌లో అసలు వినపడదు, మన జనం వినేది ఎక్కువగా ఫోన్‌లోనే.

డబ్బు, హక్కులు. ఆన్‌లైన్‌లో లీజుకిచ్చిన బీట్ నీదే, అదే బీట్ పదిమందికి ఇవ్వొచ్చు. ఆవిడ పాటకి చేసినదాన్ని రేపు ఇంకొకరికి అమ్మితే అది ఆవిణ్ని మోసం చేసినట్టే. కాబట్టి ముందే కాగితం మీద రాసుకోండి: రికార్డింగ్ ఎవరిది, నీకు ఒకేసారి ఎంత, తర్వాత వచ్చేదాంట్లో వాటా ఉందా, పేరు ఎలా వేస్తారు. ట్యూన్ ఆవిడది కాబట్టి కంపోజర్ ఆవిడ. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే సంగీతంలో (ఇంటర్లూడ్‌లో) నువ్వు కొత్త మెలొడీ కట్టి ఉంటే ఆ సంగతీ రాసుకోండి. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత సాహిత్యం రాసినవారూ, సంగీతం కట్టినవారూ తమ రాయల్టీ వాటాని లేబుల్‌కి వదిలేస్తామని సంతకం పెట్టినా చెల్లదు, ఇది ఆవిడకీ చెప్పు. ఇక ఆ వీణ శాంపిల్ ఎక్కడిదో నిజం చెప్పు. ప్యాక్‌లో కొన్నదైతే లైసెన్సు దాచుకో. పాత క్యాసెట్ నుంచి కోసిందైతే తీసేయి. వీణ వాయించేవాళ్లు ఈ ఊళ్లో దొరకకపోతే ఇంకెక్కడ దొరుకుతారు? ఒక పూటకి పిలిచి ఐదు శ్రుతిలో వాయించమను, ఆ రెండు మీటుల్లో నీ శాంపిల్‌కి లేని ప్రాణం ఉంటుంది.

ఎంత అడగాలి అన్నావు. బీట్‌కి ఎంత తీసుకుంటావో దాన్ని పట్టుకుని లెక్క వేయకు, రోజులు లెక్కపెట్టు. శ్రుతి, నడక తేల్చడానికి ఒక రోజు, అరేంజ్‌మెంట్ మార్చడానికి మూడు, గొంతుకి రెండు, ఏరడానికి ఒకటి, వీణకి ఒక పూట, మిక్స్ వినడానికి, మార్పులకి ఇంకో రెండు. నీ ఉద్యోగం పోను ఇవి దాదాపు ఐదు వారాల శని ఆదివారాలు. అంత తీరిక లేకపోతే ఆవిడతో "నేను బీట్ ఇస్తాను, ప్రొడ్యూస్ ఇంకొకరు చేస్తారు" అని చెప్పడం పూర్తిగా మర్యాదైన మాటే. చెన్నైలో ఎంతోమంది ప్రోగ్రామర్లు జీవితమంతా అలాగే చేశారు, బాగా బతికారు.

చేస్తాననుకుంటే మాత్రం ఈ వారం బీట్ ఫైలు తెరవకు. ఆవిణ్ని ఉత్త క్లిక్ (తాళం లెక్క చెప్పే టిక్ టిక్), తంబుర మీద పాట మొత్తం పాడించి ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, ఆఫీసుకి వెళ్లేటప్పుడు బస్సులో పదిసార్లు విను. ఎక్కడ నీకు ఏదో వినపడాలనిపిస్తుందో అక్కడ మాత్రం రాసుకో. ఆ కాగితం, స్టెమ్స్ తీసుకుని ఒక ఆదివారం మా గదికి రండి ఇద్దరూ. పన్నెండు లోపు రండి, ఆ తర్వాత పై అంతస్తులో వాళ్లు మిక్సీ వేస్తారు.